అశ్వం ఆగిన చోట అక్షరాల కోట

సర్వసంగ పరిత్యాగులకు కోట గోడలెందుకు? అరుణాచల్‌ప్రదేశ్‌లోని తవాంగ్ బౌద్ధ మఠాన్ని తొలిసారి దర్శించిన వారెవరికైనా కలిగే సందేహమిది. సముద్ర మట్టానికి సుమారు పది వేల అడుగుల ఎత్తున, కొండ కొమ్ము మీద, తెల్లని గోడలతో, పసుపు పచ్చని కప్పులతో ఆ మఠం దూరం నుంచి ఏ రాజుగారి దుర్గమో అనిపిస్తుంది. దిగువన లోయలో తవాంగ్ చూ నది సన్నని వెండి తీగలా సాగిపోతుంటుంది. ఉత్తరాన మంచు కప్పుకొన్న శిఖరాలు. ఆ శిఖరాలకు ఆవల టిబెట్. తెల్లవారుజామున మబ్బు తెరలు తొలగే వేళ, లోపలి నుంచి శంఖనాదం, గంభీరమైన మంత్రపఠనం వినిపించినప్పుడు మాత్రం అర్థమవుతుంది... ఇది రాజుల కోట కాదు, ఋషుల వాటిక అని.

అయినా గోడలున్నాయి. వాటికో కారణముంది. ఆ కారణాన్ని వెతుక్కుంటూ వెళ్లిన యాత్రికుడికి అక్కడ తెలుగునేల జ్ఞాపకం ఒకటి ఎదురవుతుంది. మనం పోగొట్టుకొన్న నిధి తాలూకు జాడ అది.

బాణాసురుని పురం మీదుగా...

తవాంగ్ యాత్ర అస్సాంలోని తేజ్‌పూర్ నుంచి మొదలవుతుంది. ఈ ఊరి పేరు మనకు కొత్త కావచ్చు కానీ, కథ కొత్తది కాదు. బాణాసురుడు ఏలిన శోణితపురం ఇదేనని స్థానికుల విశ్వాసం. అస్సామీ భాషలో ‘తేజ్’ అంటే రక్తం. ఉషాకన్య కలలో అనిరుద్ధుని చూడడం, చెలికత్తె చిత్రలేఖ అతడిని ద్వారక నుంచి తీసుకురావడం, ఆ ఇద్దరి కోసం హరిహరులే యుద్ధభూమిలో ఎదురెదురుగా నిలవడం మన ఇళ్లలో పెద్దలు చెప్పగా విన్న కథే. బాణుడు తన కుమార్తె చుట్టూ అగ్నిప్రాకారం నిర్మించిన చోటుగా చెప్పే అగ్నిగఢ్ కొండ, అతడు ప్రతిష్ఠించాడని చెప్పే మహాభైరవ ఆలయం నేటికీ అక్కడ దర్శనీయ స్థలాలు.

ఆ కథకు ముగింపు సంహారం కాదు, సంధి. శివుని అభ్యర్థన మేరకు కృష్ణుడు బాణుని ప్రాణాలు కాచాడు. భక్తుల కోసం తలపడిన దేవుళ్లు చివరకు ఒక్కటై నిలిచారు. కొండలెక్కబోయే యాత్రికుడు ఈ మాటను మూటగట్టుకొని వెళ్లడం మంచిది. పైన మరో పోరు కథ ఎదురుచూస్తోంది.

తేజ్‌పూర్ దాటాక భాలుక్‌పాంగ్ వద్ద అరుణాచల్ సరిహద్దు. ఇక్కడి శిథిల దుర్గం బాణుని మనుమడు భాలుకుడిదని చెబుతారు. అక్కడి నుంచి కామెంగ్ నది ఒడ్డున మొదలైన దారి బొమ్‌డిలా, దిరాంగ్ పట్టణాల మీదుగా మెలికలు తిరుగుతూ పైకి ఎగబాకుతుంది. పచ్చని అడవులు క్రమంగా వెనుకబడతాయి. గాలి పలుచబడుతుంది. సుమారు 13,700 అడుగుల ఎత్తున సేలా కనుమ వస్తుంది. దారికి పక్కనే ఓ సరస్సు. శీతకాలంలో ఇది గడ్డకట్టిపోతుంది. ఈ కనుమ చుట్టూ నూటొక్క సరస్సులున్నాయని, అవన్నీ పవిత్రమైనవని బౌద్ధుల నమ్మకం. మంచు కురిసిన రోజుల్లో ఒకప్పుడు ఈ దారి మూసుకుపోయి తవాంగ్ ప్రజలు లోకానికి దూరమయ్యేవారు. 2024 మార్చిలో ప్రారంభమైన సేలా సొరంగ మార్గం ఆ బాధను చాలావరకు తీర్చింది.

గుర్రం ఎంచుకొన్న స్థలం

మన క్షేత్రాలకు స్థలపురాణాలున్నట్లే తవాంగ్‌కూ ఒకటుంది. పదిహేడో శతాబ్దంలో మేరాక్ లామా లోద్రే గ్యాత్సో అనే గురువు ఉండేవారు. ఐదో దలైలామా ఆదేశం మేరకు ఒక మఠం నిర్మించేందుకు తగిన చోటు కోసం ఆయన ఎన్నో కొండలు తిరిగారు. ఏదీ మనసుకు నచ్చలేదు. చివరకు ఒక గుహలో కూర్చుని దైవసహాయం కోసం ధ్యానించారు. కన్నులు తెరచి బయటకు వచ్చి చూస్తే, ఆయన ఎక్కి వచ్చిన గుర్రం కనిపించలేదు. వెతుక్కుంటూ వెళ్తే ఓ కొండ మీద, పూర్వం ఒక రాజు భవనం ఉండిన చోట, అది ప్రశాంతంగా నిలబడి ఉంది. అదే దైవ నిర్ణయమని ఆయన భావించారు. 1680-81 ప్రాంతంలో అక్కడ మఠం వెలసింది. ‘తా’ అంటే గుర్రం, ‘వాంగ్’ అంటే ఎంచుకొన్నది. గుర్రం ఎంచుకొన్న చోటు కనుక తవాంగ్ అయింది. మఠానికి పెట్టిన అసలు పేరు గాల్డెన్ నాంగ్యే ల్హాత్సే. నిర్మలమైన రాత్రివేళ కానవచ్చే దివ్యధామం అని దానికి అర్థం చెబుతారు.

కొండ మీద స్వామి ఎక్కడ వెలవాలో ఆవు పాలధార చెప్పిన కథలు, పుట్ట చెప్పిన కథలు మనకు కొల్లలు. చోటు ఎంచుకొనేది మనిషి కాదు, దైవమేనన్న వినయం అక్కడా ఇక్కడా ఒక్కటే.

నూలు ఉండ చెప్పిన హద్దు

ఇక గోడల సంగతి. నిర్మాణానికి ముందు ఐదో దలైలామా ఒక నూలు ఉండను పంపారని, ఆ దారం ఎంతవరకు వస్తే అంతవరకు ప్రాకారం కట్టమన్నారని అక్కడివారు చెబుతారు. అలా నిర్మించిన ప్రాకారం పొడవు 925 అడుగులు. ఆ గోడల లోపల సమావేశ మందిరం, గ్రంథాలయం, భిక్షువులు నివసించే అరవైకి పైగా ఇళ్లు ఉన్నాయి. అదొక చిన్న ఊరే.

ఆ రోజుల్లో ఇటువంటి ప్రాకారం అలంకారం కోసం కట్టింది కాదు. టిబెట్‌లో బలపడిన గెలుగ్ శాఖకూ, పొరుగున భూటాన్‌లో నెలకొన్న ద్రుక్పా శాఖకూ అప్పట్లో తీవ్రమైన వైరం ఉండేది. మేరాక్ లామా గెలుగ్ శాఖీయుడు. ప్రత్యర్థుల నుంచి ఆయన ఎన్నో ఇక్కట్లు ఎదుర్కొన్నారు. అహింసా ధర్మాన్ని ఉపదేశించిన ఒకే గురువుకు శిష్యులైనవారు ఒకరికి భయపడి ఒకరు కోటలు కట్టుకోవలసి వచ్చింది! వినడానికి కష్టంగా ఉన్నా ఇది సత్యం. ఎవరినీ వేలెత్తి చూపనవసరం లేదు. శైవ వైష్ణవ కలహాల చరిత్ర మన వెనుకా ఉంది. బాణుని పురంలో హరిహరులు నేర్పిన పాఠం మనుషులకు ఒంటబట్టడానికి చాలా కాలం పడుతుంది.

ప్రాకారంలోకి ప్రవేశించే తొలి ద్వారాన్ని కాకాలింగ్ అంటారు. రాతి గోడల మీద కప్పు వేసిన చిన్న గదిలా ఉంటుంది. తలెత్తి చూస్తే లోకప్పు నిండా వర్ణరంజితమైన మండలాలు. మన శ్రీచక్రార్చన తెలిసినవారికి ఆ రేఖల అమరిక వెంటనే ఆత్మీయంగా తోస్తుంది. కోట ద్వారం వద్ద శత్రువును అడ్డుకొనే ఇనుప మేకులుంటాయి. ఇక్కడ మాత్రం లోపలికి వచ్చేవాడి మనసును నిలబెట్టే మండలాలున్నాయి.

గర్భగుడిలో శాక్యముని

మూడంతస్తుల సమావేశ మందిరాన్ని దుఖాంగ్ అంటారు. గడప దాటగానే నేతి దీపాల పరిమళం చుట్టుముడుతుంది. నేతి దీపమంటే ఇక్కడ యాక్ జాతి పశువుల పాల నుంచి తీసిన వెన్నతో వెలిగించే దీపం. ఎదురుగా స్వర్ణకాంతులీనుతూ శాక్యముని బుద్ధుడు పద్మాసనంలో దర్శనమిస్తాడు. రెండంతస్తుల మేర సాగిన ఆ విగ్రహ ముఖాన్ని చూడాలంటే మెడ పూర్తిగా పైకెత్తాలి. చూపు పైకి వెళ్లిన కొద్దీ ఆ చిరునవ్వు మన మీదికే దిగివస్తున్నట్టుంటుంది.

ఈ మఠానికి రక్షకురాలు ఒక దేవత. పేరు పాల్డెన్ ల్హామో. సంస్కృతంలో ఆమె పేరు శ్రీదేవి! పేరు సౌమ్యమే కానీ, రూపం మన కాళికను తలపించే ఉగ్రమూర్తి. ఆమె చిత్రపటం ఇక్కడ పూజలందుకొంటుంది. ఆ పటాన్ని ఐదో దలైలామా తన రక్తంతో వేయించి పంపారని భక్తులు చెప్పుకొంటారు.

ఏటా జనవరి ప్రాంతంలో జరిగే తోర్గ్యా ఉత్సవం మూడు రోజుల పాటు సాగుతుంది. భిక్షువులు ముసుగులు ధరించి మఠం ముంగిట నాట్యం చేస్తారు. పిండితో చేసిన ఆకృతులను మంత్రపూర్వకంగా అగ్నికి అర్పించి, ఊరికి పట్టిన కీడు తొలగిపోవాలని ప్రార్థిస్తారు. ఇంచుమించు అదే రోజుల్లో మన వాకిళ్లలో భోగి మంటలు వెలుగుతుంటాయి. పాతదీ, చెడ్డదీ అగ్నికి ఇచ్చివేసి కొత్త కాలాన్ని పిలవడం మంచు కొండల్లోనూ, వరి చేల నడుమా ఒకే తీరున సాగుతోంది.

నడిమి కొడుకు

ఈ మఠాన్ని మూడు శతాబ్దాలకు పైగా నిలిపింది మోన్పా తెగ ప్రజలు. ముగ్గురు కొడుకులున్న ఇంట నడిమివాడిని మఠానికి సమర్పించడం వారి ఆచారం. ఏడెనిమిదేళ్ల పసివాడు తల్లి కొంగు వదిలి ఎర్రని కాషాయాంబరం చుట్టుకొని ఈ ప్రాకారంలోకి అడుగుపెట్టేవాడు. కాలంతో పాటు ఆ కట్టుబాటు సడలింది. కానీ నేటికీ మఠంలో బాలభిక్షువుల సందడి కనిపిస్తుంది. తెల్లవారకముందే లేచి, వరుసల్లో కూర్చుని, ముందుకూ వెనక్కూ ఊగుతూ శ్లోకాలు వల్లె వేస్తారు. వెన్న, ఉప్పు కలిపిన వేడి తేనీరు తాగుతారు. ధర్మశాస్త్రాలతో పాటు ఆధునిక విద్యా నేర్చుకుంటారు. ఖాళీ దొరికితే అందరు పిల్లల్లాగే ముంగిట పరుగులు తీస్తారు.

బిడ్డను ఇచ్చిన ఆ తల్లి మనసు ఎంత తల్లడిల్లి ఉంటుందో మనం ఊహించగలం. వేదపాఠశాలకు కొడుకును పంపిన తెలుగు తల్లులకు ఆ వేదన ప్రత్యేకించి చెప్పనక్కర లేదు. ఏ ధర్మమైనా నిలబడేది రాళ్ల మీద కాదు, ఇటువంటి త్యాగాల మీదే.

మన అక్షరం... వారి భద్రం

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. తవాంగ్ మఠంలో అమూల్యమైన గ్రంథాలయం ఉంది. బుద్ధవచనాల సంపుటం కంగ్యూర్, భారతీయ ఆచార్యుల వ్యాఖ్యానాల సంపుటం తెంగ్యూర్ ఇక్కడ భద్రంగా ఉన్నాయి. బంగారు అక్షరాలతో రాసిన అష్టసాహస్రిక ప్రజ్ఞాపారమిత ప్రతి ఈ మఠం గర్వించే సంపద. గ్రంథాలను పట్టు వస్త్రంలో చుట్టి, కొయ్య పలకల నడుమ బిగించి, గోడల్లోని అరల్లో పేర్చుతారు. స్థానికంగా పెరిగే ఒక మొక్క బెరడు నుంచి మోన్పాలు తయారుచేసే కాగితం తరతరాలుగా ఈ రాతలకు ఆధారం. అంతరించిపోతున్న ఆ కాగితపు కళను 2020లో మళ్లీ బతికించే ప్రయత్నం మొదలైంది.

ఆ గ్రంథాల ఆకారాన్ని గమనించండి. పొడవుగా, సన్నగా, విడివిడి పత్రాలుగా ఉంటాయి. తాటిచెట్టు మొలవని ఆ మంచు సీమలో పుస్తకం తాళపత్రం ఆకారంలోనే ఎందుకుంది? అది మన దేశం నుంచి వెళ్లింది కనుక. తెంగ్యూర్ లోని అనేక గ్రంథాలు సంస్కృతం నుంచి అనువదించినవే. ఆచార్య నాగార్జునుడు శాతవాహన రాజుకు మిత్రునిగా రాసిన హితోపదేశం ‘సుహృల్లేఖ’ వాటిలో ఒకటి. మూల సంస్కృత గ్రంథం మనకు దక్కలేదు. టిబెటన్, చైనా అనువాదాలే ఆ లేఖను లోకానికి మిగిల్చాయి. మన నేల నుంచి రాజ్యమేలిన ప్రభువుకు అందిన ఉత్తరం మన ఇంట లేదు, హిమాలయాలకు ఆవలి భాషలో పదిలంగా ఉంది! మన నైయాయికులు, మీమాంసకులు శతాబ్దాల పాటు వాదించి ఎదుర్కొన్న దిఙ్నాగుని ‘ప్రమాణ సముచ్చయం’ కూడా సమగ్రంగా నిలిచింది టిబెటన్ అనువాదంలోనే. ప్రతివాది మాట దక్కితేనే కదా, మన ఆచార్యుల సమాధానం లోతు తెలిసేది!

మరో సంగతి మరింత ఆశ్చర్యం గొలుపుతుంది. తవాంగ్ మఠానికి లాసా సమీపంలోని డ్రెపుంగ్ మహామఠంతో అనుబంధం ఉంది. 1416లో స్థాపించిన ఆ మఠం పేరుకు అర్థం ‘ధాన్యపు రాశి’. ఇది శ్రీధాన్యకటకం అన్న పేరుకు టిబెటన్ రూపం. ధాన్యకటకమంటే మరేదో కాదు, మన గుంటూరు సీమలో అమరేశ్వరుడు కొలువైన అమరావతి, దాని చెంతనున్న ధరణికోట. బుద్ధుడు కాలచక్ర తంత్రాన్ని ఉపదేశించిన పుణ్యస్థలి ఇదేనని టిబెటన్లు విశ్వసిస్తారు. అందుకే 2006 జనవరిలో 14వ దలైలామా అమరావతికి వచ్చి కాలచక్ర దీక్షలు ఇచ్చారు. ఆ రోజుల్లో కృష్ణాతీరం ఎర్రని వస్త్రాలతో నిండిపోయింది. మనకు అదొక వేడుక. వారికది కాశీయాత్ర.

అటు వారు మన ఊరి పేరును తమ మహామఠానికి పెట్టుకొని ఆరు వందల ఏళ్లుగా స్మరిస్తుంటే, ఇటు అమరావతి మహాస్తూపం ఏమైంది? 18వ శతాబ్ది చివరకు అది ఇటుకలు, చలువరాతి పలకల దిబ్బగా మారింది. శిల్పాలు చెక్కిన పలకల్లో కొన్నిటిని సున్నం కోసం కాల్చారు. మిగిలినవాటిలో ఎన్నో చెన్నై, లండన్ మ్యూజియాలకు చేరాయి. శిల్పానికి లోటు లేని చోట ఆలనకు లోటు వచ్చింది. ధర్మాన్ని చదివేవారు, వల్లించేవారు, దీపం పెట్టేవారు కరవైనప్పుడు ఎంత గొప్ప కట్టడమైనా రాళ్ల కుప్పే.

శరణు ఇచ్చిన గోడలు

ఈ కోట గోడలు ఒక చారిత్రక ఘట్టానికీ సాక్షులు. 1683లో తవాంగ్ సమీపంలోని ఉర్గెలింగ్‌లో ఆరో దలైలామా జన్మించారు. ఆ తరువాత రెండున్నర శతాబ్దాలు గడచి, 1951 ఫిబ్రవరిలో మేజర్ బాబ్ ఖాతింగ్ నాయకత్వాన తవాంగ్‌లో భారత పాలన స్థిరపడింది. 1959 మార్చి 31న, 23 ఏళ్ల 14వ దలైలామా లాసాను వీడి, కొండలు దాటి, ఈ ప్రాంతం గుండానే మన దేశంలో అడుగుపెట్టారు. రోజుల తరబడి ప్రయాణంలో అలసి సొలసిన ఆయనకు తవాంగ్ మఠం ఆశ్రయమిచ్చింది. అక్కడి నుంచి కొండలు దిగి, ఏప్రిల్ 18న తేజ్‌పూర్ చేరారు. హరిహరులు సంధి చేసుకొన్న చోట ఒక శరణార్థికి భారతావని అభయమిచ్చింది.

మూడేళ్లకు ఆ అభయానికి పరీక్ష వచ్చింది. 1962 అక్టోబరులో చైనా సేనలు ఈ కొండల మీద విరుచుకుపడ్డాయి. బుమ్‌లా సమీపంలో సుబేదార్ జోగీందర్ సింగ్ వీరోచితంగా పోరాడి పరమవీర చక్రకు అర్హులయ్యారు. నవంబరులో సేలా కనుమకు దిగువన నూరానాంగ్ వద్ద రైఫిల్‌మన్ జస్వంత్ సింగ్ రావత్ ప్రాణాలర్పించి మహావీర చక్ర పొందారు. ఆయన స్మారకం జస్వంత్‌గఢ్ తవాంగ్ దారిలోనే ఉంది. సైనికులు ఆయనను నేటికీ విధుల్లో ఉన్నవానిగానే భావిస్తారు. ఉదయం తేనీరు, వేళకు భోజనం నివేదిస్తారు. పడక సర్దుతారు. తవాంగ్ పట్టణంలోని యుద్ధ స్మారకం బౌద్ధ స్తూపం ఆకృతిలో ఉంటుంది. అక్కడి నల్లని ఫలకాలపై 2,420 మంది వీరుల పేర్లున్నాయి. ఆ పేర్ల ముందు నిలిచినప్పుడు ఎవరి చేతులైనా వాటంతట అవే జోడిస్తాయి.

తవాంగ్ కొన్ని వారాలు శత్రువుల స్వాధీనంలో ఉంది. తర్వాత వారు వెనుదిరిగారు. మఠం నిలిచింది. అందులో పఠనం మళ్లీ మొదలైంది.

గోడ కాచేది ఎంత?

సనాతన ధర్మాన్ని ఆచరించేవారు బౌద్ధ మఠానికి వెళ్లవచ్చునా అని కొందరు పెద్దలు అడుగుతుంటారు. బుద్ధుని దశావతారాల్లో చేర్చి కొలిచిన సంప్రదాయం మనది. సిద్ధాంతాల్లో భేదముంది, వాదముంది. ఆ భేదాన్ని మరుగుపరచనక్కర లేదు. కానీ ప్రదక్షిణం అక్కడా కుడి వైపునే. దీపం అక్కడా నేతిదే. జపమాలకు అక్కడా నూట ఎనిమిది పూసలే. మన ఆరాధ్య దైవాన్ని మనసులో నిలుపుకొనే ఆ ముంగిట నమస్కరించవచ్చు.

మొదట వేసుకొన్న ప్రశ్నకు ఇప్పుడు సమాధానం చెప్పుకోవచ్చు. తోటివారికి భయపడి కట్టుకొన్న గోడలవి. ఆ భయం పోయింది. ఆ శాఖల వైరమూ పోయింది. 925 అడుగుల గోడ ఫిరంగులను, సేనలను ఆపగలిగేది కాదని 1962 నిరూపించింది. మరి మూడు వందల నలభై ఏళ్లుగా ఆ మఠాన్ని కాచినదేమిటి? నడిమి కొడుకును ఇచ్చిన తల్లులు. తెల్లవారుజామున ఊగుతూ వల్లించే పసి గొంతులు. చెట్టు బెరడును నానబెట్టి, దంచి కాగితం చేసిన చేతులు. పత్రం చీకిపోకముందే కొత్త ప్రతి రాసుకొన్న ఓపిక. అసలైన ప్రాకారం అదే.

మన ఇళ్లలో ఎన్నింటి అటకల మీదో తాతముత్తాతల నాటి తాళపత్రాలు దుమ్ముపట్టి ఉన్నాయి. ఎవరూ విప్పరు, ఎవరూ చదవరు. వాటిలో ఏ శాస్త్రముందో, ఏ స్తోత్రముందో తెలియదు. తవాంగ్ వెళ్లగలిగినా వెళ్లలేకపోయినా, ఈ ఆదివారం ఆ కట్టను ఒకసారి కిందికి దించి దుమ్ము దులిపి చూద్దాం. మనకు చదవడం రాకపోతే, చదవగలిగే పండితునికో, భద్రపరిచే ప్రాచ్య లిఖిత గ్రంథాలయానికో చూపిద్దాం. పోయిన నిధి జాడ మంచు కొండల్లో వెతుక్కోవలసిన గతి మన మనుమలకు పట్టకూడదు కదా!

యాత్రికులకు సూచనలు

• హైదరాబాద్, విశాఖపట్నంల నుంచి గువాహటి చేరుకొని, కామాఖ్యాదేవిని దర్శించుకొని యాత్ర ప్రారంభించవచ్చు. గువాహటి నుంచి తేజ్‌పూర్ సుమారు 180 కి.మీ. అక్కడి నుంచి తవాంగ్ 300 కి.మీ. పైమాటే. కొండదారి కనుక ఒక్క రోజులో పూర్తిచేయాలని తొందరపడకూడదు.

• అరుణాచల్‌ప్రదేశ్‌లో ప్రవేశించడానికి ఇన్నర్ లైన్ పర్మిట్ తప్పనిసరి. ముందుగానే తీసుకోవాలి. గుర్తింపు కార్డు వెంట ఉంచుకోవాలి.

• బొమ్‌డిలాలో కానీ, దిరాంగ్‌లో కానీ ఒక రాత్రి విశ్రమిస్తే ఎత్తుకు శరీరం అలవాటుపడుతుంది. గుండె, ఊపిరితిత్తుల సమస్యలున్నవారు, వృద్ధులు వైద్యుని సలహా తీసుకొన్నాకే బయలుదేరాలి. వేసవిలోనూ ఉన్ని దుస్తులు అవసరమే.

• మందిరంలోకి పాదరక్షలతో వెళ్లకూడదు. పఠనం సాగుతున్నప్పుడు మౌనం పాటించాలి. అనుమతి లేనిదే ఫొటోలు తీయరాదు. గ్రంథాలను తాకరాదు. ప్రార్థనా చక్రాలను కుడి వైపుగా మాత్రమే తిప్పాలి.